ఆరోసారి తప్పిన లెక్క

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు ముందు కవిత రాద్దామనుకున్నాను. కానీ మన సంచికలో కవితలకు ఎప్పుడూ కరువు లేదు. అమ్మ మీద, చదువు మీద, మెస్సులో నీళ్ళ పప్పు మీద ప్రతి ఏడాదీ వస్తూనే ఉంటాయి. నాకు చేతనైనవి లెక్కలు. కాబట్టి ఒకే ఒక్క సంఖ్య గురించి రాస్తాను. ఆ సంఖ్య 4294967297. మన పద్ధతిలో చదవాలంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 297.

ఎం.ఎస్సీ. మొదటి సంవత్సరంలో సంఖ్యా సిద్ధాంతం అనే సబ్జెక్టులో నాకు ఈ సంఖ్య ఎదురైంది. (టీవీలో పేరు స్పెల్లింగు మార్చుకోమని చెప్పే సంఖ్యాశాస్త్రానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఊళ్ళో నన్ను ఇద్దరు ముగ్గురు తమ అదృష్ట సంఖ్య చెప్పమని అడిగారు, అందుకే ముందుగా చెబుతున్నాను.) ఈ వ్యాసం చదవడానికి పదో తరగతి లెక్కలు చాలు. పెన్ను, తెల్ల కాగితం దగ్గర పెట్టుకోండి. ఊరికే చదివితే ఏమీ మిగలదు.

ప్రధాన సంఖ్య అంటే మీకు తెలుసు. 1 తోనూ, తనతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడనిది. 2, 3, 5, 7, 11, 13... ఇలా పోతుంది. ఈ ప్రధాన సంఖ్యలను వరసగా ఇచ్చే సూత్రం ఏదైనా ఉంటే బాగుండునని ఎప్పటినుంచో గణితజ్ఞులకు ఆశ. 1640 ప్రాంతంలో ఫ్రాన్సు దేశంలో పియర్ ద ఫెర్మా అనే ఆయనకు అలాంటిది ఒకటి దొరికినట్టే అనిపించింది. ఈయన ఉద్యోగం టూలూజ్ నగరంలో న్యాయస్థానంలో. గణితం తీరిక వేళల్లో చేసేవాడు, చేసినది స్నేహితులకు ఉత్తరాల్లో రాసేవాడు.

ఆయన చూసినది ఇది. 2 తో మొదలుపెట్టి వర్గం చేసుకుంటూ పోవాలి. 2, 4, 16, 256, 65536. ప్రతిదానికీ ఒకటి కలపాలి. 3, 5, 17, 257, 65537 వస్తాయి. ఈ ఐదూ ప్రధాన సంఖ్యలే. మొదటి నాలుగూ మీరు నోటితో చూసుకోవచ్చు. అయిదోదానికి 256 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి, ఒక ఆదివారం పడుతుంది. ఇక ఆరోది. 65536 ను 65536 తో గుణిస్తే 4294967296. ఒకటి కలిపితే మన సంఖ్య. అంటే 2 ను 32 సార్లు వేసి గుణించి ఒకటి కలిపినది, 2³² + 1.

ఇవన్నీ ప్రధాన సంఖ్యలేనని, ఎంత దూరం పోయినా ప్రధాన సంఖ్యలే వస్తాయని ఫెర్మా ఉత్తరాల్లో రాశాడు. రుజువు మాత్రం దొరకలేదని కూడా ఆయనే రాశాడు. ఈ రెండో మాట గుర్తుపెట్టుకోవాలి, ఆయన మోసం చేయలేదు. కానీ అంతటి వాడు అన్నాడంటే లోకానికి మొదటి మాటే గుర్తుంటుంది.

ఐదుసార్లు నిజమైంది, ఆరోసారి కాకుండా పోతుందా అని మీకూ అనిపిస్తుంది. నాకూ అనిపించింది. చూస్తే అంకెలు కూడా ఆ నమ్మకానికే సాయపడతాయి. చివరి అంకె 7, కాబట్టి 2, 5 పోవు. అంకెల మొత్తం 59, కాబట్టి 3 పోదు. 7 తో భాగిస్తే 5 మిగులుతుంది. 13 తో భాగిస్తే 10 మిగులుతుంది. ఇలా భాగించుకుంటూ పోతే ఎక్కడా తెగదు. పూర్తిగా చూడాలంటే దీని వర్గమూలం దాకా, అంటే 65536 లోపు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించాలి. అవి 6542. కాలిక్యులేటర్ లేని కాలం. ఎవరికి ఓపిక?

ఫెర్మా మాట దాదాపు తొంభై ఏళ్ళు అలాగే నిలబడి ఉంది.

ఇక్కడ కొంచెం ఆగి మన హాస్టల్ సంగతి ఒకటి చెబుతాను. తొమ్మిదో తరగతిలో ఒకరోజు రాత్రి స్టడీ అవరులో చక్రవడ్డీ లెక్క చేస్తున్నాను. నాకొక జవాబు వచ్చింది. గైడు తీసి చూస్తే ఇంకో జవాబు ఉంది. మా గదిలో ఉన్నది ఒకటే గైడు, అట్ట ఊడిపోయి, చేతులు మారి మారి వచ్చినది. నేను మళ్ళీ చేశాను. మళ్ళీ నా జవాబే వచ్చింది. అయినా రబ్బరుతో తుడిచేసి గైడులోదే రాసుకున్నాను. అచ్చులో ఉన్నది తప్పవుతుందా అని. మర్నాడు బడిలో సారు బోర్డు మీద చేస్తే నేను తుడిచేసిన అంకెలే వచ్చాయి. "ఒక్కడికైనా ఇది రాలేదట్రా?" అని సారు అడిగారు. తుడిచిన మచ్చ మీద చెయ్యి పెట్టుకుని తల దించుకున్నాను. వచ్చిందని చెప్పడానికి నా దగ్గర రుజువు లేదు, నేనే తుడిచేశాను.

మా అమ్మ చదువుకోలేదు. మిరపకాయల ఏరివేతకు పోయినన్ని రోజులు పొయ్యి పక్క గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. ఒక ఏడాది మేస్త్రీ పుస్తకంలో 19 రోజులు అని ఉంటే గోడ మీద 21 గీతలు ఉన్నాయి. పుస్తకంలో రాసి ఉంది కదమ్మా అన్నాడతను. అమ్మ ఏమీ అనలేక వచ్చేసింది. ఆ రాత్రి గీతలు నాచేత మూడుసార్లు లెక్కబెట్టించింది. మూడుసార్లూ 21. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని పోయి, అతని పుస్తకంలో తేదీలు చదవమంది. ఒక వారంలో రెండు రోజులు వదిలేసి ఉన్నాయి. డబ్బులు ఇచ్చాడు, ముఖం చిట్లించుకునే ఇచ్చాడనుకోండి. అప్పుడు నేను నాలుగో తరగతి. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆ సంగతి నాకే గుర్తులేకుండా పోయింది, గైడు ముందు.

మళ్ళీ మన సంఖ్య దగ్గరకు వద్దాం. 1729 డిసెంబరులో గోల్డ్‌బాక్ అనే ఆయన, రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీలో పనిచేస్తున్న లియోన్‌హార్డ్ ఆయిలర్‌కు ఉత్తరం రాస్తూ, ఫెర్మా చెప్పిన ఈ మాట నీకు తెలుసా అని అడిగాడు. ఆయిలర్ అప్పటికి 22 ఏళ్ళ కుర్రవాడు, నాకంటే ఒక ఏడాది చిన్న. 1732 లో, అంటే 25 ఏళ్ళ వయసులో, జవాబు చెప్పాడు. 4294967297 ప్రధాన సంఖ్య కాదు. అది 641 తో నిశ్శేషంగా భాగింపబడుతుంది.

641 × 6700417 = 4294967297.

దయచేసి ఇప్పుడు కాగితం మీద గుణించండి. 6700417 ను 600 తో గుణిస్తే 4020250200. 40 తో గుణిస్తే 268016680. ఒకటితో 6700417. మూడూ కూడండి. ఈ కూడికను నేను ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. చేసిన ప్రతిసారీ ఏదో దొంగను పట్టుకున్నట్టే ఉంటుంది.

641 అంటే 116వ ప్రధాన సంఖ్య. అంటే ఫెర్మా వరసగా భాగించుకుంటూ పోయినా 116వ భాగహారం దగ్గర దొరికేది. కష్టమే గానీ అసాధ్యం కాదు. మరి ఆయిలర్ అన్ని భాగహారాలు చేశాడా? లేదు. ఐదు చాలు. ఈ వ్యాసంలో అసలు పాఠం ఇదే, కాస్త నిదానంగా చదవండి.

ఏదైనా ఒక బేసి ప్రధాన సంఖ్య తీసుకుని, 2 యొక్క ఘాతాలను దానితో భాగించి శేషాలు రాయండి. 7 తీసుకుంటే శేషాలు 2, 4, 1, మళ్ళీ 2, 4, 1. మూడు అడుగులకు ఒక చుట్టు. 17 తీసుకుంటే 2, 4, 8, 16, 15, 13, 9, 1. ఎనిమిది అడుగులకు ఒక చుట్టు. 11 తీసుకుంటే పది అడుగులు. శేషం 1 వచ్చిన చోట చుట్టు పూర్తయి మళ్ళీ మొదలవుతుంది. ఇప్పుడు గమనించండి. 7 కు చుట్టు 3, అది 6 ను భాగిస్తుంది. 17 కు చుట్టు 8, అది 16 ను భాగిస్తుంది. 11 కు చుట్టు 10, అది 10 నే భాగిస్తుంది. ప్రధాన సంఖ్య కంటే ఒకటి తక్కువైన సంఖ్యను చుట్టు పొడవు ఎప్పుడూ నిశ్శేషంగా భాగిస్తుంది. మూడు ఉదాహరణలు చూపించి ఎప్పుడూ అంటున్నానేమిటని మీరు నన్ను నిలదీయాలి. దీనికి రుజువు ఉంది, డిగ్రీలో చదువుతారు. తమాషా ఏమిటంటే ఈ సూత్రం చెప్పినది ఫెర్మాయే, అదీ అదే 1640 లో. తన తప్పును పట్టించే తాళంచెవి తన జేబులోనే ఉంది.

ఇప్పుడు ఒక ప్రధాన సంఖ్య మన 2³² + 1 ను నిశ్శేషంగా భాగిస్తుందని అనుకుందాం. అంటే దానితో 2³² ను భాగిస్తే ఒకటి తక్కువ పడుతుంది. శేషం −1 అని రాసుకుందాం. −1 ను వర్గం చేస్తే 1. కాబట్టి 2⁶⁴ కు శేషం 1. అంటే 64 అడుగులకు చుట్టు పూర్తవుతుంది. అంతకంటే ముందే పూర్తయిందేమో? అలాగైతే చుట్టు పొడవు 64 ను భాగించేదే కావాలి. అంటే 32, 16, 8, 4, 2, 1 లలో ఒకటి. అప్పుడు 32వ అడుగులోనే శేషం 1 వచ్చి ఉండాలి. కానీ అక్కడ −1 వచ్చింది. కాబట్టి చుట్టు పొడవు కచ్చితంగా 64. పైన చెప్పిన సూత్రం ప్రకారం ఆ ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే 64 తో తెగాలి.

ఇక వెదకాల్సింది 64 ఎక్కం చదివి ఒకటి కలపడమే. 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. వీటిలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. వరసగా భాగించండి. 193 తో 109 మిగులుతుంది. 257 తో 2 మిగులుతుంది. 449 తో 325, 577 తో 288. 641 తో ఏమీ మిగలదు. 6542 భాగహారాల పని ఐదో భాగహారంలో తేలిపోయింది.

పది అంకెల భాగహారం కూడా అక్కర్లేదు. ఇదింకా బాగుంటుంది. 2⁸ అంటే 256. దాని వర్గం 65536. దాన్ని 641 తో భాగిస్తే శేషం 154. ఇప్పుడు 154 ను వర్గం చేయండి, 23716. ఒకటి కలపండి, 23717. అది 641 × 37. అయిపోయింది. బస్సు టిక్కెట్టు వెనక పట్టే లెక్క.

1878 లో లూకాస్ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు దీన్ని మరింత బిగించాడు. 64 కాదు, 128 ఎక్కం చాలని చూపించాడు. అప్పుడు 129, 257, 385, 513, 641. ఇందులో ప్రధాన సంఖ్యలు రెండే, 257, 641. అంటే రెండో భాగహారంలోనే దొరుకుతుంది.

రెండో ముక్క 6700417 సంగతేమిటి? అదీ ప్రధాన సంఖ్యే. ఇది నమ్మకండి, చూడండి. దాని వర్గమూలం 2588 చిల్లర. మన సంఖ్యను భాగించేదే దీన్నీ భాగించగలదు కాబట్టి మళ్ళీ 64 ఎక్కమే. 641 నుంచి మొదలుపెట్టి 2561 దాకా పోతే చాలు. ఈ దారిలో 961 వస్తుంది, అది 31 × 31. ఇంకాస్త పోతే ఎవరు తగులుతారో తెలుసా? మన రామానుజన్ గారి 1729! ఆయన చెప్పినట్టు అది 12 యొక్క ఘనానికి ఒకటి కలిపినది. 12 ఘనం 1728, అంటే 64 × 27. అందుకే మన వరసలో కూర్చుంది. కానీ అది 7 × 13 × 19, ప్రధానం కాదు, కాబట్టి మనకు పనికిరాదు. దండం పెట్టి ముందుకు పోవడమే. చివరకు మిగిలే ప్రధాన సంఖ్యలు ఏడు: 641, 769, 1153, 1217, 1409, 1601, 2113. శేషాలు వరసగా 44, 120, 334, 832, 622, 232, 94. ఎక్కడా సున్నా లేదు. నా శేషాల్లో ఏదైనా తప్పుంటే వచ్చే వార్షికోత్సవంలో స్టేజీ మీదే చెప్పండి.

257 తో భాగించినప్పుడు 2 మిగిలిందన్నాను కదా, అది ఊరికే వచ్చినది కాదు. ముందున్న ఐదు సంఖ్యలనూ గుణించండి. 3 × 5 × 17 × 257 × 65537. 4294967295 వస్తుంది. మన సంఖ్య కంటే సరిగ్గా రెండు తక్కువ. కాబట్టి ఆ ఐదింటిలో దేనితో భాగించినా రెండే మిగులుతుంది.

ఈ 4294967295 ను మీరు చూసే ఉంటారు, పేరు తెలియకుండా. పెన్‌డ్రైవులో పెద్ద సినిమా ఎక్కించబోతే ఫైలు మరీ పెద్దదని కంప్యూటర్ ఒప్పుకోదు, ఇంకా ఎంతో ఖాళీ ఉన్నా సరే. ఫ్యాట్ 32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవులో ఒక ఫైలు 4294967295 బైట్లకు మించకూడదు. ఫైలు సైజు రాసుకోవడానికి 32 గడులే కేటాయించారు, ఒక్కో గడిలో సున్నా గానీ ఒకటి గానీ. అన్నీ ఒకట్లయితే వచ్చేది ఈ సంఖ్య.

ఇదే సంఖ్యకు రేఖాగణితంలోనూ చోటుంది. 1796 లో గౌస్ అనే జర్మన్ కుర్రవాడు, ఇంకా 19 నిండలేదు, స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి 17 సమాన భుజాల క్రమ బహుభుజిని గీయవచ్చని కనిపెట్టాడు. అక్కడ 17 అనేది ఫెర్మా వరసలోని మూడోది. బేసి భుజాల బహుభుజి అలా గీయడానికి వీలుపడాలంటే భుజాల సంఖ్య ఫెర్మా వరసలోని వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధం కావాలి. ఇంతవరకు తెలిసినవి ఐదే కాబట్టి, తెలిసినంతలో అతి పెద్దది 4294967295 భుజాల బహుభుజి. చూడటానికి అది వృత్తం లాగానే ఉంటుందనుకోండి.

ఇంకొక అబ్బాయి సంగతి కూడా చెప్పాలి. 1804 లో అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో జెరా కోల్‌బర్న్ అనే పిల్లవాడు పుట్టాడు. నోటిలెక్కల్లో దిట్ట. తండ్రి అతన్ని ఊళ్ళు తిప్పి, డబ్బు తీసుకుని ప్రదర్శనలు ఇప్పించాడు. చిన్న వయసులోనే లండన్ తీసుకుపోయాడు. అక్కడ పెద్దమనుషులు ఈ 4294967297 నే ఇచ్చి ప్రధాన సంఖ్యేనా అని అడిగితే, కాదు, 641 తో పోతుందని కాగితం లేకుండా చెప్పాడట. ఈ కథ క్లాసులో విన్నప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఆ పిల్లవాడు రోజుకు ఎన్ని గంటలు నిలబడేవాడో, ఏం తినేవాడో అనిపించింది. హాస్టల్లో పెరిగిన బుద్ధి ఎక్కడికి పోతుంది?

ఫెర్మా వరసలో ఆ తరువాత ఏమైందో చెప్పి ముగిస్తాను. ఏడోది, అంటే 2⁶⁴ + 1, 20 అంకెల సంఖ్య. 1880 లో లాండ్రీ అనే ఆయన 82 ఏళ్ళ వయసులో దాన్ని విడగొట్టాడు. ఆ తరువాతవి కంప్యూటర్ల మీద పడ్డాయి. ఘాతం స్థానంలో 2³² ఉన్నదాని దాకా అన్నీ సంయుక్త సంఖ్యలేనని తేలింది. 2³³ ఉన్నదాని సంగతి ఈనాటికీ తేలలేదు. ఎప్పటికీ ప్రధాన సంఖ్యలే వస్తాయన్న వరసలో, 65537 తరువాత ఒక్కటంటే ఒక్కటి కూడా దొరకలేదు. అలాగని ఇక రావని అనడానికీ వీల్లేదు, దానికీ రుజువు లేదు.

తమ్ముళ్ళకు ఒక పని. లాండ్రీ కనుక్కున్న చిన్న కారణాంకం 274177. మొదట దానిలోంచి ఒకటి తీసి 256 తో భాగించి చూడండి, ఎందుకు తెగుతుందో ఆలోచించండి. తరువాత 4294967296 ను 274177 తో భాగించండి. శేషం 258768 రావాలి. అంటే పూర్తి భాగానికి 15409 తక్కువ. కాబట్టి 258768 కు బదులు 15409 ను వర్గం చేసినా ఫలితం ఒకటే, అది ఎందుకో కూడా చూడండి. వర్గం చేసి, ఒకటి కలిపి, 274177 తో భాగించండి. ఎంత వస్తుందో ఇక్కడ రాయడం లేదు. రేపు స్టడీ అవరులో ఇద్దరిద్దరుగా కూర్చుని విడివిడిగా చేయండి. జవాబులు తేడా వస్తే మాత్రం ఎవరూ తుడవకండి, రెండూ సారు దగ్గరకు తీసుకుపోండి.